పాత కాగితం, కొత్త సిరా

ముందే చెప్పేస్తున్నా, నేను ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు ఎక్కడైనా తప్పితే ఎడిటోరియల్ టీమ్‌ని ఏమీ అనకండి, ఆ తప్పులు నా సొంతం.

ఈ సెమిస్టర్ క్రిప్టోగ్రఫీలో పాత సైఫర్ల మీద అసైన్‌మెంట్ ఇచ్చారు. రోల్ నంబర్ల వారీగా ఒక్కొక్కరికి ఒక్కోటి. నా ముందువాడికి సీజర్ సైఫర్ వచ్చింది, వాడి పని పది నిమిషాల్లో అయిపోయింది. నాకు ట్రిథెమియస్ వచ్చాడు. ఈయన జర్మనీలో ఒక క్రైస్తవ మఠానికి పెద్ద. ఆయన పోయిన రెండేళ్లకి, 1518లో, 'పాలిగ్రాఫియా' అనే ఆయన పుస్తకం అచ్చయింది. గూఢలిపి మీద అచ్చులో వచ్చిన మొదటి పుస్తకం అదేనంటారు. విజినేర్ సైఫర్ చేసేటప్పుడు మనం గీసే ఆ పెద్ద అక్షరాల పట్టిక ఉంది కదా, దానికి తాత ఇందులోనే ఉన్నాడు.

అంతవరకు రాసేసి సబ్మిట్ చేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ చదువుతుంటే ఒక లైన్ కనిపించింది. ట్రిథెమియస్ లిపిలో రాసిన కొన్ని కాగితాల వల్ల 1888లో లండన్‌లో ఒక రహస్య సంఘం పుట్టిందట. తీగ లాగాను. డొంకంతా కదిలింది. ఆ డొంకలో నేను కూడా ఉన్నానని తర్వాత తెలిసింది.

ఆ సంఘం పేరు హెర్మెటిక్ ఆర్డర్ ఆఫ్ ది గోల్డెన్ డాన్. మొదలుపెట్టింది ముగ్గురు: విలియం విన్ వెస్ట్‌కాట్, మెక్‌గ్రెగర్ మేథర్స్, విలియం వుడ్‌మన్. ముగ్గురూ ఫ్రీమేసన్లే. కథలో అసలు మనిషి వెస్ట్‌కాట్. ఆయన డాక్టరు, లండన్‌లో కరోనర్ ఉద్యోగం. కరోనర్ అంటే ఎవరైనా అనుమానాస్పదంగా పోతే సాక్ష్యాలన్నీ చూసి, ఎలా పోయారో తేల్చి చెప్పే అధికారి. ఈ ఉద్యోగం సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

వెస్ట్‌కాట్ చెప్పింది ఇదీ. 1887లో వుడ్‌ఫర్డ్ అనే ఒక ముసలి పాదిరీ ద్వారా (ఆయనా మేసనే) అరవై దాకా కాగితాలు ఆయన చేతికొచ్చాయి. వాటి నిండా వింత గుర్తులు. కాగితం మీద 1809 అని వాటర్‌మార్క్. ఆ గుర్తులు ట్రిథెమియస్ పుస్తకంలోవని వెస్ట్‌కాట్ పట్టేశాడు, విప్పి చదివాడు. విప్పడం పెద్ద కష్టమేం కాదు. ఒక గుర్తుకి ఒక అక్షరం, కుడి నుంచి ఎడమకి రాశారు, లోపల ఉన్నది ఇంగ్లీషే. ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే మన సెకండియర్ వాళ్లు కూడా ఒక సాయంత్రంలో తేల్చేస్తారు. అందులో ఉన్నవి అయిదు దీక్షా విధానాలు, అవీ ముక్కలు ముక్కలుగా. పాయింట్లు మాత్రమే ఉన్న పీపీటీ ఇచ్చి నలభై పేజీల రిపోర్ట్ రాయమన్నట్టు. ఆ రిపోర్ట్ రాసే పని మేథర్స్‌కి పడింది.

కాగితాలతో పాటు ఒక అడ్రస్ కూడా ఉందట. జర్మనీలో ఆన్నా స్ప్రెంగెల్ అనే ఆవిడది. వెస్ట్‌కాట్ ఉత్తరం రాశాడు, ఆవిడ జవాబిచ్చింది. మాది చాలా పాత సంఘం, మీరు ఇంగ్లండ్‌లో శాఖ పెట్టుకోండి, కావాలంటే నా సంతకం కూడా మీరే పెట్టుకోండి అంది. (ఇక్కడే ఎవరికైనా డౌట్ రావాలి. సంతకం మీరే పెట్టుకోండి అని ఎవరంటారండీ?) 1888లో శాఖ పెట్టారు. 1890లో జర్మనీ నుంచి ఇంకో ఉత్తరం: ఆవిడ పోయారు, ఇకమీదట మా నుంచి సాయం అడక్కండి, మీ దారిన మీరు నడవండి అని. ఎంత వీలుగా పోయిందో చూడండి.

నాకు బాగా నచ్చిన చిన్న విషయం ఒకటి చెప్తా. లండన్‌లో వాళ్లు పెట్టిన మొదటి శాఖ ఐసిస్-యురేనియా టెంపుల్. దానికి వాళ్లు ఇచ్చిన నంబరు 3. ఒకటి జర్మనీలో ఉంది, రెండు ఇంతకుముందు ఉండి ఆగిపోయింది అని లెక్క. మొదటి రిలీజ్‌కే వెర్షన్ 3.0 అని పెట్టినట్టు. అది చదివి గట్టిగా నవ్వాను. నవ్వుతుండగానే ఆగిపోయాను, ఎందుకంటే మేమూ అదే పని చేశాం.

మా సంగతి తర్వాత. ముందు వాళ్లు ఎందుకు చేశారో చూద్దాం, ఎందుకంటే వెస్ట్‌కాట్ ఒక్కడే దొంగ అనుకుంటే అన్యాయం. ఆయన పెరిగిన ఇల్లే అలాంటిది. ఫ్రీమేసన్ల గురించి వినే ఉంటారు. మన హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి వాళ్ల హాలే. రాళ్లు చెక్కే మేస్త్రీల సంఘాల పేర్లు, పనిముట్లు తీసుకుని పెద్దమనుషులు పెట్టుకున్న సంఘం అది. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు ఒక మద్యం అంగడిలో కలిసి గ్రాండ్ లాడ్జ్ పెట్టాయని వాళ్ల చరిత్ర. ఆ కథ కూడా అచ్చులో కనిపించింది 1738లో, ఆండర్సన్ రాసిన నియమావళి రెండో ముద్రణలో. అదే ఆండర్సన్ 1723లో మొదటి ముద్రణ వేసినప్పుడు చరిత్రని ఎక్కడ మొదలుపెట్టాడో తెలుసా? ఆదాము దగ్గర. మొదటి మనిషికే ఈ విద్య తెలుసు, అక్కణ్ణుంచి సొలొమోను గుడి మీదుగా మా దాకా వచ్చింది అని.

ఇంకోవైపు రోజిక్రూషియన్లు. 1614లో జర్మనీలోని కాసెల్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. రోజెన్‌క్రాయిట్జ్ అనే మహానుభావుడు తూర్పు దేశాలు తిరిగి రహస్య విద్యలు తెచ్చాడు, ఆయన పెట్టిన రహస్య సోదర సంఘం ఇప్పటికీ ఉంది అని అందులో ఉంది. అలాంటి సంఘం నిజంగా ఉందని ఎవరూ చూపించలేకపోయారు. ఆ బృందంలోని రచయిత అని చాలామంది అనుకునే ఆంద్రెయే, ఆ వరుసలో తను రాసిన ఒక పుస్తకాన్ని తర్వాత తనే ఆటగా రాసింది అన్నాడు. అయినా జనం ఆగలేదు. లేని సంఘం కోసం వెతికారు, దొరక్కపోతే తామే పెట్టుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీలో ఆ పేరుతో ఒక సంఘం నిజంగానే వచ్చింది. దాని మెట్లనే 1860ల్లో ఇంగ్లండ్‌లో కొందరు మేసన్లు తీసుకుని ఇంకో సంఘం పెట్టుకున్నారు, సొసైటాస్ రోజిక్రూషియానా అని. మేసన్లు కాని వాళ్లకి అందులో ప్రవేశం లేదు. మన ముగ్గురూ అందులోంచి వచ్చినవాళ్లే, వుడ్‌మన్ అయితే దానికి పెద్ద.

మనకి ఇది కొత్తగా అనిపించకూడదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ప్రతి గుడికీ ఒక స్థలపురాణం ఉంటుంది. దేవుడు స్వయంభువు, పుట్టలో దొరికాడు, ఆవు వెళ్లి పాలు కార్చింది. పోయిన ఏడాది సిమెంటుతో కట్టిన గుడికి కూడా పురాణం రెడీగా ఉంటుంది. వాట్సాప్‌లో ఏ కషాయం గురించి వచ్చినా కింద 'తాళపత్ర గ్రంథాల్లో ఉంది' అని రాసి ఉంటుంది. నిన్న నేనే కనిపెట్టాను అంటే ఆ కషాయం ఎవరు తాగుతారు?

సరే, ఇప్పుడు మా సంగతి.

మా హాస్టల్లో శనివారం రాత్రి పది నుంచి తెల్లారేదాకా పజిళ్లు, కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసే ఒక గుంపు ఉంది. ఈ పత్రిక చదివేవాళ్లలో ఓ ఇరవైమందికి తెలుసు. 2009లో మన సీనియర్లు మొదలుపెట్టారు, చేతులు మారుతూ మా దాకా వచ్చింది అని మేం చెప్పేవాళ్లం. చేరాలంటే ఒక ఉత్తరం విప్పాలి. మొదలుపెట్టిన సీనియర్ తన పేరు చెప్పలేదు, ఉత్తరం కింద సున్నా అని సంతకం పెట్టాడు. అందుకే ఆయన్ని అందరూ సున్నా అన్న అంటారు.

సున్నా అన్న లేడు. ఆ ఉత్తరం రాసింది నేను. ఐడియా ముగ్గురిదీ.

ఎందుకంటే మేం ముందు మామూలుగానే పిలిచాం. శనివారం రాత్రి కూర్చుందాం రండి అని నోటీసు బోర్డు పక్కన కాగితం అంటించాం. ఇద్దరు వచ్చారు, అందులో ఒకడు చార్జర్ కోసం. మిగతా క్లబ్బులకి ఫ్యాకల్టీ ఉన్నారు, సర్టిఫికెట్లు ఉన్నాయి, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఉంది. మా దగ్గర ఏముంది? మేమే సెకండియర్. మాకు ఎవరిచ్చారు అధికారం? అలా అనిపించిన రాత్రే ఉత్తరం పుట్టింది. క్యాంటీన్ అన్నని అడిగి 2009లో టీ ఎంతో కనుక్కుని మరీ ఉత్తరంలో పెట్టాం. విజినేర్ సైఫర్‌తో అక్షరాలు జరిపాం. చివర్లో టచ్ కమాండ్ కొట్టి ఫైల్ తేదీ 2009కి మార్చాం. ఒక్క లైను, అంతే. వెస్ట్‌కాట్ కాగితాలు ఎవరు రాశారో గాని (1886లో పోయిన కెన్నెత్ మెకెంజీ అనే ఇంకో మేసన్ రాసి ఉంటాడని ఎక్కువమంది నమ్మకం), ఆయన కూడా టచ్ కమాండే కొట్టాడు. 1809 నాటి ఖాళీ కాగితం మీద ఎప్పుడైనా రాయొచ్చు కదా. వాటర్‌మార్క్ కాగితం వయసు చెప్తుంది, సిరా వయసు చెప్పదు.

మా ఉత్తరం పని చేసింది. నెలలో పధ్నాలుగు మంది.

వాళ్లదీ పని చేసింది. కవి డబ్ల్యూ. బి. యేట్స్ 1890లో చేరాడు. ఠాగూర్ ఇంగ్లీష్ గీతాంజలికి ముందుమాట రాసిన యేట్సే. నటి ఫ్లోరెన్స్ ఫార్, థియేటర్లకి డబ్బు పెట్టిన ఆనీ హార్నిమన్, రచయిత ఆర్థర్ మాకెన్ చేరారు. ఇప్పుడు రీల్స్‌లో మీ భవిష్యత్తు చెప్తాం అని చూపించే టారో కార్డుల్లో బాగా పేరున్న సెట్టు 1909లో వచ్చింది, చేసిన ఇద్దరూ, వెయిట్, పమేలా కోల్‌మన్ స్మిత్, ఈ సంఘం నుంచి వచ్చినవాళ్లే. అన్నిటికంటే ముఖ్యం, ఇందులో ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా చేరారు. దీక్ష తీసుకున్న మొట్టమొదటి మనిషే మీనా బెర్గ్‌సన్, తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ చెల్లెలు. మేసన్ల దగ్గర అప్పుడు ఇంగ్లండ్‌లో ఆడవాళ్లకి తలుపే తెరవరు. అంటే ఈ ముగ్గురూ చేసిన పని నిజంగా కొత్తది. ఈ కొత్త పని మా సొంత ఆలోచన అని మాత్రం చెప్పుకోలేకపోయారు. నాకొకటి అనిపిస్తుంది, ఇది నా ఊహే: వాళ్లు కల్పించుకున్న పెద్ద ఒక ఆడమనిషి కావడం ఊరికే జరిగి ఉండదు. ఆవిడే అనుమతి ఇచ్చిందంటే ఆడవాళ్లని ఎందుకు చేర్చుకున్నారని అడిగేవాడెవడు?

ఇంతవరకు చదివితే అబద్ధం మంచిదే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మిగతా కథ చదివాకే నిద్ర పట్టలేదు.

1897లో వెస్ట్‌కాట్ పదవులు వదిలేశాడు. కరోనర్‌గారు ఇలాంటి సంఘంలో తిరుగుతున్నారని పైవాళ్లకి తెలిసిందట. వుడ్‌మన్ అప్పటికే పోయాడు. మిగిలింది మేథర్స్. పారిస్‌లో ఉంటూ, కనిపించని పెద్దలతో నేనొక్కణ్ణే మాట్లాడతాను, నేను చెప్పినట్టు వినండి అనేవాడు. 1900 ఫిబ్రవరిలో ఫ్లోరెన్స్ ఫార్‌కి ఒక ఉత్తరం రాశాడు. దాని సారం: స్ప్రెంగెల్ ఉత్తరాలు వెస్ట్‌కాట్ దొంగతనంగా సృష్టించినవి, లేదా ఎవరితోనో సృష్టింపజేసినవి. అసలైన స్ప్రెంగెల్ చనిపోలేదు, ఇప్పుడు నాతో పారిస్‌లోనే ఉంది.

ఉంది! ఎవరో ఒకావిడ వచ్చి నేనే స్ప్రెంగెల్ అంది, మేథర్స్ నమ్మాడు. ఆవిడ తర్వాతి కాలంలో మేడమ్ హోరోస్‌గా పేపర్లకెక్కింది. మేథర్స్ దగ్గర కాగితాలు కొట్టేసి వెళ్లిపోయింది. 1901లో ఆవిడా, మొగుడూ లండన్ కోర్టులో చాలా ఘోరమైన నేరాలకి శిక్షపడి జైలుకెళ్లారు. ఆ కేసుతో సంఘం పేరు బజారున పడింది. ఈలోపు 1900 ఏప్రిల్‌లో, మేథర్స్ పంపితే అలిస్టర్ క్రౌలీ మొహానికి మాస్కు, స్కాట్లండ్ వేషం వేసుకుని బ్లైత్ రోడ్‌లోని సంఘం గదులు ఆక్రమించబోయాడు. యేట్స్ వాళ్లు అడ్డుపడ్డారు, పోలీసు వచ్చాడు. సినిమాలో పెడితే ఓవర్ అంటాం.

నాకు దీంట్లో సెక్యూరిటీ క్లాసు కనిపించింది. లేని మనిషికి అడ్మిన్ అకౌంట్ క్రియేట్ చేశారు, దానికి పాస్‌వర్డ్ లేదు. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌లోకి ఎవరైనా లాగిన్ అవుతారు. మేథర్స్ అయ్యాడు, హోరోస్ అయింది.

మా దగ్గర కూడా అయ్యారు. నవంబర్లో కొత్తవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవాలా వద్దా అని గొడవ వచ్చింది. మా ముగ్గురిలో ఒకడు అందరి ముందూ అన్నాడు: నిన్న సున్నా అన్న నాకు మెసేజ్ పెట్టాడు, తీసుకోమన్నాడు. నా మొహం చూసి కన్ను కొట్టాడు. నేనేం మాట్లాడాలి? లేడు అంటే మొత్తం పోతుంది. మనిషికి వంద రూపాయలు తీసుకున్నాం. డిసెంబర్‌లో ఒక ఫైనలియర్ అన్న వచ్చి, సున్నా మా రూమ్మేట్‌కి తెలిసినవాడే, బెంగళూరులో ఉన్నాడు, నేను ఒకసారి కలిశాను అన్నాడు. చాలా సీరియస్‌గా చెప్పాడు. ఒక్క క్షణం నాకే డౌట్ వచ్చింది, నిజంగా ఉన్నాడేమోనని.

జనవరిలో ఒక జూనియర్ నా గదికొచ్చాడు. వాడి పేరు రాయట్లేదు. తెలుగు మీడియంలో చదివి వచ్చాడు, మొదటి నెలంతా క్లాసులో నోరు విప్పలేదట. మా ఉత్తరం అందరికంటే ముందు విప్పింది వాడే, నలభై నిమిషాల్లో. పదిహేనేళ్ల పైబడిన గ్రూపులో తీసుకున్నారని ఇంటికి ఫోన్ చేసి వాళ్ల నాన్నకి చెప్పాడు. నా పక్కనే నిలబడి చెప్పాడు కాబట్టి తెలుసు.

తలుపు వేసి మెల్లగా అడిగాడు. "అన్నా, ఉత్తరంలో టీ రేటు పక్కన రూపాయి గుర్తు ఉంది కదా. ఆ గుర్తు వచ్చింది 2010 జులైలో. ఉత్తరం 2009ది. ఎలాగన్నా?"

మేం అక్షరాలు మాత్రమే జరిపాం. అంకెలు, గుర్తులు అలాగే ఉండిపోయాయి. విప్పకముందు నుంచీ ఆ గుర్తు అందరి కళ్లముందూ ఉంది. స్ప్రెంగెల్ ఉత్తరాలూ ఇలాగే దొరికాయి. 1972లో ఎల్లిక్ హోవ్ ఈ సంఘం మీద పుస్తకం రాసేటప్పుడు వాటిని చూపిస్తే, జర్మన్ తెలిసినవాళ్లు ఇది జర్మన్ మనిషి రాసిన జర్మన్ కాదన్నారు. ఇంగ్లీషులో ఆలోచించి రాసినట్టుంది అన్నారు. (నా తెలుగు గురించి కూడా మీరు అదే అనొచ్చు.)

వాడికి నేనిచ్చిన జవాబు: "ఏమోరా, ఎవరైనా తర్వాత ఎడిట్ చేశారేమో. చూస్తాలే." తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వాడు నా మొహం కాసేపు చూసి, సరే అన్నా అని వెళ్లిపోయాడు. తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాతదీ రాలేదు.

అసైన్‌మెంట్ వచ్చింది దాని తర్వాత. మేథర్స్ ఉత్తరం బయటపడ్డాక యేట్స్ లాంటివాళ్లు కూర్చుని విచారణ మొదలుపెట్టారు, వెస్ట్‌కాట్‌నే అడిగారు. జీవితమంతా సాక్ష్యాలు చూసి నిజం తేల్చిన ఆ కరోనర్ ఏమన్నాడంటే, చట్టప్రకారం నేను ఏదీ రుజువు చేయలేను, కాబట్టి మీ అభిప్రాయాన్ని అటో ఇటో తిప్పడం నాకు భావ్యం కాదు అన్నట్టుగా రాశాడు. అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. అది చదివినప్పుడు రాత్రి రెండున్నర. ఏమోరా, చూస్తాలే.

ఆయన 1925 దాకా బతికాడు.

కాబట్టి తమ్ముడూ, జవాబు ఇది. ఆ ఫైల్ నేను రాశాను, పోయిన ఆగస్టులో, మూడో అంతస్తు చివరి గదిలో. నువ్వు పట్టింది కరెక్టే. ఈ మాట నీ గదికొచ్చి చెప్పాను, నువ్వు ఊళ్లో ఉన్నావన్నారు, ఫోన్లో చెప్పాలనిపించలేదు. పధ్నాలుగు మందికీ చెప్పాల్సిందే కదా అని ఇక్కడ రాస్తున్నాను. వంద రూపాయలు ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేస్తున్నాం. మిగతా ఇద్దరికీ ఇది ముందే చూపించాను. ఒకడు తిట్టాడు, ఇంకొకడు 'ఫైనలియర్ అన్నకి ఎవరు చెప్తారు' అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సర్వర్లో ఫైల్ తేదీ మార్చేశాను, ఇప్పుడు అసలు తేదీయే కనిపిస్తుంది. రూపాయి గుర్తు అలాగే ఉంచాను. శనివారం పదింటికి అదే గది.